పిల్లల చదువు మన ఫోన్లోంచి: పొద్దున పనికెళ్లి రాత్రికి ఇంటికి చేరే అమ్మానాన్నలు చేయాల్సిన పనులు, వరసగా

మాది విజయవాడ. ఆటోనగర్‌లో లారీ స్పేర్ పార్టుల కొట్టు, ఇల్లు పటమటలో. పొద్దున తొమ్మిదికి షట్టర్ ఎత్తితే మళ్లీ దించేసరికి రాత్రి ఎనిమిదిన్నర. మా ఆవిడ బీసెంట్ రోడ్డులో ఒక బట్టల షాపులో అకౌంట్స్ చూస్తుంది, ఆమె ఇంటికొచ్చేసరికి ఏడు దాటుతుంది. అమ్మాయి ఏడో తరగతి, అబ్బాయి మూడు. బడి వదిలాక మేం వచ్చేదాకా వాళ్లని చూసుకునేది మా అమ్మ. ఆమెకి తెలుగు చదవడం వచ్చు, ఇంగ్లిష్ రాదు, ఫోన్లో ప్రవచనాలు వినడం తప్ప ఇంకేదీ నొక్కేది కాదు. అంటే పిల్లలు మెలకువగా ఉండగా మేం ముగ్గురం కలిసి ఇంట్లో ఉండేది రోజుకి గంట, గంటన్నర. ఆ గంటలోనే అన్నం, స్నానం, హోంవర్కు, అలకలు, అన్నీ.

మీ ఇల్లు కూడా ఇలాగే ఉంటే ఇది మీ కోసమే రాస్తున్నాను. కొత్తగా కొనాల్సిందేమీ లేదు, ఉన్న ఫోన్ చాలు. చేతిలో ఫోన్ ఉండటం వేరు, దాన్ని పిల్లల చదువుకి పనికొచ్చేలా సర్దుకోవడం వేరు. ఆ సర్దుకోవడానికి నాకు ఏడాదిన్నర పట్టింది, మీరు ఒక ఆదివారం మధ్యాహ్నం కూర్చుంటే సగం అయిపోతుంది.

బడి రిజిస్టర్లో ఏ నంబర్ ఉంది?

నవ్వకండి, అన్నిటికన్నా ముందు చూడాల్సింది ఇదే. అమ్మాయి ఆరో తరగతిలో ఉండగా రెండు నెలలు బడి నుంచి ఒక్క మెసేజ్ కూడా రాలేదు. వాళ్లే పంపట్లేదనుకుని లోలోపల తిట్టుకున్నాను కూడా. తీరా మీటింగ్‌కి వెళ్తే క్లాస్ టీచర్ "ఐదుసార్లు మెసేజ్ పెట్టాం సార్, లెక్కల నోట్స్ పూర్తి చేయట్లేదని" అన్నారు. విషయం ఏంటంటే అడ్మిషన్ రోజు మేం ఇచ్చింది మా ఆవిడ పాత నంబర్. రీచార్జ్ చేయక అది ఆగిపోయింది, ఆ నంబర్ ఇంకెవరికో వెళ్లిపోయింది. ఆ ఎవరో గానీ, మా అమ్మాయి లెక్కల సంగతి మాకంటే ముందు ఆయనకే తెలిసింది.

కాబట్టి ఆఫీసు రూముకి వెళ్లి, ఫోన్లో అడగడం కాదు, వెళ్లి, రిజిస్టర్లో, స్కూల్ యాప్‌లో, క్లాస్ టీచర్ ఫోన్లో, ఈ మూడు చోట్లా ఏ నంబర్ ఉందో చూపించమనండి. మూడూ ఒకటే ఉంటాయనే నమ్మకం లేదు. అమ్మ నంబర్, నాన్న నంబర్ రెండూ రాయించండి. మధ్యాహ్నం జ్వరం వస్తే ఎత్తేవాళ్లు కావాలి కాబట్టి ఇంట్లో ఉండేవాళ్ల నంబర్ మూడోది. పిల్లల ఆధార్‌కి ఏ నంబర్ లింక్ అయి ఉందో కూడా అదే రోజు చూసుకోండి, ఓటీపీలు వెళ్లేది దానికే.

గ్రూపుల గుంపులోంచి స్కూలు గ్రూపుని బయటికి లాగండి

నా వాట్సాప్‌లో ముప్పైకి పైగా గ్రూపులు. ఆటోనగర్ వ్యాపారులది ఒకటి, లారీ ఓనర్లది ఒకటి, అపార్ట్‌మెంట్‌ది, పదో తరగతి బ్యాచ్‌ది, పెళ్లికని పెట్టి పెళ్లయ్యాక కూడా తీసేయనివి రెండు. వీటి మధ్యలో "రేపు యూనిఫాం వద్దు, కలర్ డ్రెస్" అన్న మెసేజ్ రాత్రి పదకొండింటికి కనబడితే ఏం లాభం?

నేను చేసింది చెప్తాను. స్కూలు గ్రూపు మీద వేలు పెట్టి నొక్కి పట్టుకుంటే పైన పిన్ గుర్తు వస్తుంది, అది నొక్కితే ఆ గ్రూపు ఎప్పుడూ పైనే ఉంటుంది. తర్వాత గ్రూపు పేరు మీద నొక్కి నోటిఫికేషన్స్‌లోకి వెళ్లి దానికి వేరే టోన్ పెట్టాను, గుడి గంట లాంటిది, కొట్లో ఎంత గోలలో ఉన్నా తెలుస్తుంది. అక్కడే మీడియా విజిబిలిటీ అని ఉంటుంది, అది ఆపేస్తే గ్రూపులో వచ్చే గుడ్ మార్నింగ్ పూలు మీ గ్యాలరీలో పోగుపడవు. మిగతా గ్రూపుల్లో అవసరం లేనివాటిని మ్యూట్‌లో 'ఆల్వేస్' పెట్టి ఆర్కైవ్‌లోకి తోసేయండి. బావమరిది అలిగితే అలిగాడు.

పరీక్షల టైం టేబుల్, ఫీజు తేదీలు, ప్రాజెక్ట్ వివరాలు ఉన్న మెసేజ్‌లకి స్టార్ పెట్టుకోండి. నెల తర్వాత వెతుక్కోవాల్సి వచ్చినప్పుడు దాని విలువ తెలుస్తుంది.

గ్రూపులో మర్యాద గురించి ఒక్క మాట. టీచర్ ఒక నోటీసు పెడితే దాని కింద నలభై ఐదుగురు "ఓకే మేడం" అని పెడతారు, ఆ నలభై ఐదింటి కింద అసలు నోటీసు సమాధి అయిపోతుంది. మీరు పెట్టకండి. మీ పిల్లాడికి మార్కులు తక్కువేశారన్న గొడవ అక్కడ అసలు పెట్టకండి. గ్రూపు మీరే నడపాల్సి వస్తే మాత్రం అడ్మిన్లు మాత్రమే పోస్ట్ చేసేలా సెట్టింగ్ పెట్టి, కబుర్లకి వేరే గ్రూపు తెరవండి. 2024 సెప్టెంబర్ మొదట్లో బుడమేరు పొంగి సింగ్ నగర్ వైపంతా మునిగినప్పుడు మా ఫోన్లలో సెలవుల గురించి ఎవరికి తోచింది వాళ్లు ఫార్వర్డ్ చేశారు, ఏది నిజమో తెలియక చచ్చాం. అడ్మిన్లు మాత్రమే రాసే గ్రూపు ఉంటే ఆ తలనొప్పి ఉండదు.

ఇంగ్లిష్‌లో సర్క్యులర్ వస్తే

అందరికీ ఇంగ్లిష్ రాదు, రానందుకు సిగ్గుపడాల్సిన పనీ లేదు. కాగితమైతే ఫొటో తీయండి, మెసేజ్‌లో వచ్చిన బొమ్మ అయితే సేవ్ చేసుకోండి. గూగుల్ లెన్స్‌లో తెరిచి ట్రాన్స్‌లేట్ నొక్కి తెలుగు ఎంచుకుంటే ఇంగ్లిష్ అక్షరాల మీదే తెలుగు వచ్చి కూర్చుంటుంది. మా అమ్మకి ఈ ఒక్కటీ నేర్పించాను, ఇప్పుడు మధ్యాహ్నం వచ్చిన నోటీసుని నాకు ఫోన్ చేసి చదివి వినిపిస్తోంది.

గుడ్డిగా నమ్మకండి కానీ. ఒకసారి అమ్మ ఫోన్ చేసి, "ఒరేయ్, రేపు సరసమైన నోట్‌బుక్ తెమ్మన్నారట, ఏం బడిరా అది?" అంది. ఫెయిర్ నోట్స్! లెన్స్ దాన్ని సరసమైన ధర కింద లెక్కేసింది. తేదీలు, డబ్బులు, "తేవాలి", "తేకూడదు" ఉన్న వాక్యాలు మాత్రం ఇంకొకరితో చదివించి సరిచూసుకోండి.

రాయడం కష్టమైతే కీబోర్డులో మైకు బొమ్మ నొక్కి తెలుగులో మాట్లాడండి, అదే టైప్ చేస్తుంది. జీబోర్డ్ (గూగుల్ కీబోర్డు) సెట్టింగ్స్‌లో తెలుగు భాష ఒక్కసారి కలుపుకుంటే చాలు. మా పక్క షెడ్డులో లారీ బాడీ కట్టే మేస్త్రి ఉన్నాడు, చేతులకి ఎప్పుడూ గ్రీజే, చదువు ఐదో తరగతి. ఆయన ఇలాగే మాట్లాడి పంపిస్తాడు, అక్షరం తప్పు పోదు.

స్కూల్ యాప్ రోజుకి ఒక్కసారి, అదీ నోరు కట్టుకుని

ఈ మొత్తంలో నేను ఎక్కువ దెబ్బ తిన్నది ఇక్కడే, అందుకే కాస్త ఎక్కువ రాస్తాను.

ప్రైవేటు బళ్లలో చాలావాటికి యాప్ ఉంటోంది. హాజరు, హోంవర్కు, మార్కులు అన్నీ అందులో పడతాయి. మొదట్లో నాకు అదో పిచ్చి, బిల్లు కొడుతూ కొడుతూ మధ్యలో తెరిచి చూసేవాడిని. ఒకరోజు మధ్యాహ్నం మూడింటికి నోటిఫికేషన్, లెక్కల స్లిప్ టెస్ట్ 25కి 11. అమ్మాయి ఇంటికి చేరిందో లేదో, ఫోన్ చేసి "పదకొండేంటే?" అన్నాను. అవతల కాసేపు ఏ చప్పుడూ లేదు. తర్వాత "నేనే చెప్దామనుకున్నా నాన్నా" అంది. ఆ మాట అప్పుడు నాకు ఎక్కలేదు. ఆ తర్వాత రెండు వారాలు ఏం అడిగినా "యాప్‌లో ఉంటుందిగా, చూసుకో" అనేది. అప్పుడు ఎక్కింది.

చూడండి, ఫోన్ మనకి ముందే చెప్పేస్తుంది. పిల్ల దారంతా ఆ పదకొండు మార్కుల్ని మోసుకుంటూ, ఎలా చెప్పాలా అని మాటలు కూర్చుకుంటూ వస్తుంది, ఆ కూర్చుకోవడంలోనే సగం నేర్చుకోవడం ఉంది. మనం గుమ్మంలోనే లాక్కుంటే ఇంక తనకి చెప్పడానికి ఏం మిగిలింది? ఫోన్లో చూసింది మనకి ఏం అడగాలో తెలియడానికి. అది చూసి పిల్లని నిలదీయడానికి కాదు.

కాబట్టి మా ఇంట్లో ఇప్పుడు పద్ధతి ఇది. యాప్ నోటిఫికేషన్లలో గైర్హాజరు, అత్యవసరం మాత్రమే ఉంచి మిగతావి ఆపేశాను (మీ యాప్‌లో విడివిడిగా ఆపే వీలు లేకపోతే మొత్తం ఆపేసి మీరే రోజుకోసారి తెరవండి). రాత్రి ఎనిమిదింటికి, కొట్టు కట్టేసే ముందు ఒక్కసారి చూస్తాను. మార్కులు చూసినా రాత్రి పడుకునేదాకా నేను ఎత్తను. తను చెప్తే వింటాను. చెప్పకపోతే మర్నాడు పొద్దున "నిన్న టెస్ట్ ఏమన్నా పెట్టారా?" అని మామూలుగా అడుగుతాను. గైర్హాజరు ఒక్కటీ వేరు. బడికని బయల్దేరిన పిల్ల బడిలో లేదని మెసేజ్ వస్తే ఆ క్షణమే ఆఫీసుకి ఫోన్ చేయాలి, అందులో ఆగడం లేదు.

మార్కుల కన్నా హాజరు, పూర్తికాని పనులు, ఈ రెండూ ముందు చూడండి. అమెరికాలో వెస్ట్ వర్జీనియా రాష్ట్రంలో 22 బళ్లలో పీటర్ బెర్గ్‌మన్, ఎరిక్ చాన్ అనే ఆర్థికవేత్తలు ఒక ప్రయోగం చేశారు. పిల్లలు ఇవ్వని అసైన్‌మెంట్లు, ఎగ్గొట్టిన క్లాసులు, తగ్గిన గ్రేడుల గురించి తల్లిదండ్రుల ఫోన్లకి మెసేజ్‌లు వాటంతటవే వెళ్లేలా పెట్టారు. సబ్జెక్టుల్లో తప్పడం 28 శాతం తగ్గింది, క్లాసులకి హాజరు 12 శాతం పెరిగింది. అది గొప్ప యాప్ ఏమీ కాదు, వట్టి మెసేజే. కాకపోతే ఆ మెసేజ్‌లో "మీ వాడు బాగా చదవాలి" లాంటి మాటలు లేవు, ఫలానా పని ఇవ్వలేదు అని మాత్రమే ఉంది. మన బడి నుంచి వచ్చే మెసేజ్‌లు అలా లేకపోతే అలా పంపమని అడగండి.

ఫోన్ పక్కన పెట్టాక పది నిమిషాలు

"ఇవాళ ఏం చెప్పారు?" అని అడిగితే ప్రపంచంలో ఏ పిల్లాడైనా చెప్పే జవాబు ఒక్కటే, "ఏం లేదు". అలా అడగొద్దు. ఫోన్లో హోంవర్కు చూశారుగా, అందులోంచి ఒక ముక్క పట్టుకోండి. "నీళ్ల చక్రం బొమ్మ గీయమన్నారటగా, మన కృష్ణలో నీళ్లు ఆవిరైతే ఎక్కడికెళ్తాయి?" అంటే మా చిన్నోడు పది నిమిషాలు ఆపకుండా మాట్లాడతాడు, అందులో సగం తప్పే, అయినా మాట్లాడతాడు.

మీరు కొట్లోనో డ్యూటీలోనో ఉండిపోతే ఫోన్లోనే చేయొచ్చు. నాది చెప్తాను. అమ్మాయికి భిన్నాలంటే భయం. ఒకరోజు గిరాకీ లేని టైంలో కొట్లో నట్లు విప్పే సాకెట్లు నాలుగు డ్రైవ్ సైజుల్లో పరిచాను. పావంగుళం, 3/8, అరంగుళం, ముప్పావు. వరస కలిపేసి, ఒక్కోదాని కింద చాక్‌పీసుతో సైజు రాసి, ఫొటో తీసి, మా అమ్మ ఫోన్‌కి పంపి "చిన్నదాన్నుంచి పెద్దదాకా వరసలో పెట్టి చెప్పు" అన్నాను. 3/8ని అరకన్నా పెద్దది చేసింది, మూడు, ఎనిమిది రెండూ పెద్ద అంకెలు కదా మరి. నేను తప్పని అనలేదు, రెండు సాకెట్లూ పక్కపక్కన పెట్టి ఇంకో ఫొటో పంపాను. ఐదు నిమిషాలకి వాయిస్ మెసేజ్: "నాన్నా, అర అంటే 4/8 కదా, అందుకే అది పెద్దది!" మర్నాడు 7/16 పానా, 9/16 పానా పంపాను. ఏది అరకన్నా తక్కువ, ఏది ఎక్కువ? ఇప్పుడు తనే "ఇవాళ ఏం లేవా?" అని అడుగుతోంది. మీ పని ఏదైనా అందులో ఏడో తరగతి లెక్క ఒకటి దొరుకుతుంది. మిర్చి యార్డులో టిక్కీల (బస్తాల) తూకం, టైలర్ కొలతలు, ఆటో మీటరు, ఇడ్లీ బండి రోజు లెక్క, ఏదైనా.

స్మార్ట్‌ఫోన్ లేని ఇంట్లో ఇది కుదరదనుకోకండి. 2020లో కోవిడ్‌కి బళ్లు మూసేసినప్పుడు ఆఫ్రికాలోని బోట్స్వానాలో కొన్ని కుటుంబాలకి వారానికోసారి లెక్కలు ఎస్ఎంఎస్‌లో పంపారు, ఇంకొన్నిటికి ఆ ఎస్ఎంఎస్‌తో పాటు పదిహేను, ఇరవై నిమిషాల ఫోన్ కాల్ కూడా చేశారు. వట్టి ఎస్ఎంఎస్ వెళ్లిన ఇళ్లలో చెప్పుకోదగ్గ తేడా రాలేదు. కాల్ కూడా వెళ్లిన ఇళ్లలో పిల్లలు లెక్కల్లో మెరుగయ్యారు. బటన్ల ఫోన్ స్పీకర్లో పెట్టినా చాలన్నమాట, అవతల నుంచి ఎవరో ఒకరు వింటూ ఉండాలి.

టీచర్‌కి ఎలా రాయాలి

టీచర్ నంబర్ ఉంది కదా అని రాత్రి పదింటికి ఫోన్ చేయకండి. వాళ్లకీ ఇల్లు, పిల్లలు ఉంటారు. ఒక్కో టీచర్ చేతిలో నలభై మంది పిల్లలుంటే ఎనభై మంది తల్లిదండ్రులు, మనం ఒక్కళ్లం కాదు. ఏ టైంలో మెసేజ్ పెడితే ఇబ్బంది ఉండదో మొదటి మీటింగ్‌లోనే అడిగేయండి. మెసేజ్‌లో పిల్ల ఎవరు, ఏ విషయం, మీకేం కావాలి, ఈ మూడూ ఉండాలి. నేను పంపిన ఒకటి:

"నమస్తే మేడం. సెవెన్త్ బి, రోల్ నంబర్ 23 వాళ్ల నాన్నని. హారాలు వేరుగా ఉన్న భిన్నాలు కూడేటప్పుడు మా అమ్మాయి తడబడుతోంది. ఇంట్లో ఏ లెక్కలు చేయించమంటారు? తీరికగా ఉన్నప్పుడు చెప్పండి చాలు."

దీనికి జవాబు ఆ సాయంత్రమే వచ్చింది. అంతకుముందు నేను పెట్టిన "మేడం, మా పాప ఎలా చదువుతోంది" అన్నదానికి వచ్చిన జవాబు "గుడ్ సార్" మాత్రమే. అడిగినదాన్ని బట్టే కదా చెప్తారు.

వాయిస్ మెసేజ్ అయితే అర నిమిషం దాటనివ్వకండి. కోపంలో ఉన్నప్పుడు రాసింది వెంటనే పంపకుండా ఒక గంట ఆగండి, నేను ఆగక ఒకసారి డిలీట్ ఫర్ ఎవ్రీవన్ కొట్టాను, అప్పటికే నీలం టిక్కులు పడ్డాయి. కొట్టడం, ఏడిపించడం, పిల్ల భయపడటం లాంటి సంగతులైతే అసలు మెసేజ్ వద్దు, నేరుగా వెళ్లి మాట్లాడండి. మంచి జరిగినప్పుడు కూడా ఒక మాట పెట్టండి, "మీరు చెప్పిన పద్యం ఇంట్లో నానమ్మకి అప్పజెప్పాడు" అని. ఖర్చేమీ లేదు.

పుస్తకంలో ఉన్న గళ్ల బొమ్మ

పాఠ్యపుస్తకాల్లో పాఠాల దగ్గర నలుపు తెలుపు గళ్లతో క్యూఆర్ కోడ్ ఉంటుంది, చాలా ఇళ్లలో దాన్ని ఎవరూ స్కాన్ చేయరు. దీక్ష యాప్ వేసుకోండి, ఇది కేంద్ర ప్రభుత్వం 2017లో తెచ్చింది, డబ్బులేం కట్టక్కర్లేదు. తెరిచాక తల్లి, తండ్రి అన్న పాత్ర, రాష్ట్రం బోర్డు, మీడియం, తరగతి ఎంచుకుని ఆ కోడ్‌ని స్కాన్ చేస్తే ఆ పాఠానికి పెట్టిన వీడియోలు, ప్రశ్నలు వస్తాయి. పుస్తకం నలిగిపోయి స్కాన్ అవకపోతే బొమ్మ కింద ఆరు అక్షరాల కోడ్ ఉంటుంది, అది టైప్ చేసినా పని చేస్తుంది. అన్ని పాఠాలకీ వీడియోలు ఒకేలా ఉండవు, కొన్ని బాగుంటాయి, కొన్ని చూస్తే మనకే నిద్రొస్తుంది. ముందు మీరు చూసి అప్పుడు చూపించండి.

ప్రభుత్వ పాఠ్యపుస్తకాల్లో ఇంకో మంచి సంగతి, ఒక పక్క ఇంగ్లిష్, దాని ఎదురుగా అదే పాఠం తెలుగులో ఉంటుంది. తెలుగు మీడియంలో చదువుకున్న మనలాంటివాళ్లకి ఇది వరం. మీ పిల్లలది ప్రైవేటు బడైనా ఆ పుస్తకం ఒకటి ఇంట్లో పెట్టుకోండి. తెలుగు పేజీ మనం చదివి ఇంగ్లిష్ పేజీ పిల్లల చేత చదివిస్తే ఇద్దరికీ పాఠం వస్తుంది.

చిన్న పిల్లలకైతే ప్రథమ్ బుక్స్ వాళ్ల స్టోరీవీవర్‌లో తెలుగు కథలు ఉచితంగా ఉన్నాయి, బొమ్మలతో సహా. మా చిన్నోడూ వాళ్ల నానమ్మా కలిసి మధ్యాహ్నం ఒక్కటి చదువుతారు. ఎవరు ఎవరికి చదివి వినిపిస్తున్నారో నాకైతే తెలియదు.

మీటింగ్ రోజు ఫోన్ ఎలా వాడాలి

2024 డిసెంబర్ 7న రాష్ట్రంలో ప్రభుత్వ బళ్లన్నిటిలో ఒకే రోజు మెగా పేరెంట్ టీచర్ మీటింగ్ పెట్టారు, మళ్లీ 2025 జూలై 10న పెట్టారు. మీ బడిలో ఎప్పుడు పెట్టినా తేదీ తెలిసిన నిమిషంలోనే ఫోన్ క్యాలెండర్లో వేసి, ముందు రోజు సాయంత్రం గుర్తు చేసేలా పెట్టుకోండి, సెలవు అడగాలిగా. నోట్స్ యాప్‌లో మూడు ప్రశ్నలు రాసుకోండి, మూడు చాలు. అక్కడ ప్రోగ్రెస్ కార్డు ఫొటో తీసుకోండి, బయటికి రాగానే టీచర్ చెప్పింది మీ గొంతుతోనే రికార్డు చేసుకోండి. టీచర్‌కి చెప్పకుండా ఆవిడ మాటలు రికార్డు చేయడం మాత్రం మర్యాద కాదు. రాలేకపోయినవాళ్లకి ఆ రికార్డు పంపితే సరి, మా ఇంట్లో ఎవరు వెళ్లినా రెండో వాళ్లకి అలాగే పంపుతాం.

ఒక విషయం చాలామందికి తెలియదు. 2009 విద్యాహక్కు చట్టం ప్రకారం ప్రభుత్వ బడి యాజమాన్య కమిటీలో నాలుగింట మూడు వంతుల మంది తల్లిదండ్రులే ఉండాలి, సభ్యుల్లో సగం మంది ఆడవాళ్లు ఉండాలి. పిల్లలు మున్సిపల్ బడిలో ఉంటే ఆ కమిటీలో ఎవరున్నారో కనుక్కోండి, వాళ్ల నంబర్ సేవ్ చేసుకోండి. కుళాయిలో నీళ్లు రాకపోయినా, బాత్రూం తలుపు విరిగినా ఫొటో తీసి పంపాల్సింది వాళ్లకి, ఫేస్‌బుక్‌కి కాదు.

సర్కారు పనులు, కాగితాలు

2025 జనవరి 30 నుంచి రాష్ట్రంలో మన మిత్ర అని వాట్సాప్ సేవ ఉంది, 95523 00009కి హాయ్ అని పెడితే సేవల జాబితా వస్తుంది. ఆ ఏడాది ఇంటర్, పదో తరగతి హాల్ టికెట్లు, ఫలితాలు అందులోనే ఇచ్చారు. బడికెళ్లే పిల్లల తల్లులకి ప్రభుత్వం ఇచ్చే తల్లికి వందనం డబ్బులు 2025 జూన్‌లో మొదలయ్యాయి, 15,000లో బడి నిర్వహణకి 2,000 పోను 13,000 తల్లి ఖాతాలో వేశారు. అలాంటివాటికి తల్లి బ్యాంకు ఖాతా ఆధార్‌తో లింక్ అయి ఉండాలి, ముందే చూసుకోండి.

పిల్లల పుట్టిన సర్టిఫికెట్, టీసీ, కులం సర్టిఫికెట్, ప్రోగ్రెస్ కార్డులు అన్నీ స్కాన్ చేసి గూగుల్ డ్రైవ్‌లో ఒక ఫోల్డర్లో పెట్టండి. సర్టిఫికెట్లు దాచుకునే ప్రభుత్వ యాప్ డిజిలాకర్లో దొరికేవి అందులోకి తెచ్చుకోండి. బుడమేరు వరదలో మా చుట్టాల ఇంట్లో బీరువా కింది అర మొత్తం నానిపోయింది, పిల్లల కాగితాలు ఉండేది అక్కడే. ఫొటోలున్నవి మళ్లీ తెచ్చుకోవడం తేలికైంది, లేనివాటికి కాళ్లరిగేలా తిరిగారు.

ఫోన్ పిల్లల చేతికి ఇవ్వాల్సి వచ్చినప్పుడు

ఇంట్లో ఒకటే ఫోన్, హోంవర్కు అందులోనే వచ్చింది, ఇవ్వక తప్పదు. ఆండ్రాయిడ్‌లో యాప్ పిన్నింగ్ అని ఉంది, సెట్టింగ్స్‌లో వెతికితే సెక్యూరిటీ కింద దొరుకుతుంది. అది ఆన్ చేసి, బయటికి రావాలంటే పిన్ అడిగేలా పెట్టి, దీక్షనో స్టోరీవీవర్‌నో పిన్ చేసి ఇవ్వండి. పిల్లాడు ఆ ఒక్క యాప్‌లోనే ఉంటాడు, రీల్స్‌లోకి దూకలేడు. మీ పిన్ మీ పుట్టిన సంవత్సరం అయితే మాత్రం ఆశ వదులుకోండి. హోంవర్కు రాసేటప్పుడు ఫోన్ అవసరమా అంటే చాలాసార్లు అవసరం లేదు. ప్రశ్నని నోట్స్‌లోకి రాయించి ఫోన్ తీసేసుకోండి.

మోసగాళ్లకీ మన పిల్లల చదువు కావాలి

"స్కాలర్‌షిప్ శాంక్షన్ అయింది, ఓటీపీ చెప్పండి", "తల్లికి వందనం పడలేదా, ఈ లింక్ నొక్కండి", "ఫీజు ఇవాళే కడితే తగ్గింపు, ఈ క్యూఆర్‌కి పంపండి" లాంటివి వస్తే ఏదీ నొక్కకండి. స్కూలు గ్రూపులోనే వచ్చినా, తెలిసినవాళ్ల నంబర్ నుంచి వచ్చినా, ఏపీకే ఫైల్ (నొక్కితే ఫోన్లో యాప్ ఎక్కించే ఫైల్) అయితే అసలు ముట్టుకోకండి, ముందు ఆఫీసుకి ఫోన్ చేసి అడగండి. డబ్బు పోతే ఆలస్యం చేయకుండా సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయాలి. పిల్లల ఆధార్, 12 అంకెల అపార్ నంబర్ (విద్యార్థులకి ఇచ్చే గుర్తింపు సంఖ్య), ఐడీ కార్డు ఫొటో గ్రూపులో పెట్టకండి, క్లాస్ టీచర్‌కి విడిగా పంపండి. వేరే పిల్లల మార్కుల షీట్ గ్రూపులో పడితే ఫార్వర్డ్ చేయకండి, తీసేయమని టీచర్‌కి చెప్పండి. ఆ షీట్లో కింద ఉన్న పిల్లాడి అమ్మా అదే గ్రూపులో ఉంటుంది కదా.

జూన్‌లో మళ్లీ మొదటికి

ఏటా జూన్‌లో బళ్లు తెరిచేసరికి తరగతి మారుతుంది, టీచర్ మారతారు, గ్రూపు మారుతుంది. ఆ వారంలోనే కొత్త గ్రూపు పిన్ చేసి టోన్ పెట్టుకోండి, పాత గ్రూపులో స్టార్ పెట్టినవాటిలో కావాల్సినవి దాచుకుని బయటికి వచ్చేయండి, కొత్త క్లాస్ టీచర్‌ని మెసేజ్ టైం అడగండి. మొన్న జూన్‌లో మేం అదే పని మీద ఆఫీసు రూముకి వెళ్లాం. రిజిస్టర్ తిప్పి చూపించారు. అమ్మాయి పేరు ఎదురుగా నంబర్లు సరిగ్గానే ఉన్నాయి. చిన్నోడి పేరు ఎదురుగా మాత్రం ఇంకా ఆ పాత నంబరే ఉంది. అక్కడికక్కడే కొట్టేయించి, రాయించి, వాళ్ల ఫోన్ నుంచి ఒక మెసేజ్ పంపమని, అది నా ఫోన్లో టింగుమన్నాకే బయటికొచ్చాను.